క్రీడాకారుడు – క్రీడాచార్యుడు

ఒక విద్యను తాను నేర్చుట ఒక యెత్తు. దానిని మరియొకరికి నేర్పుట వేరొక యెత్తు. చెరువును అవలీలగా ఈదగల వానిని గట్టుమీద నిలిపి, నీటిలో తడబడుచున్న బాలునకు ఏ చేయి ఎప్పుడు కదలింపవలెనో చెప్పుమన్నచో, పలుమారులు అతడే తడబడును. తన చేతులకు తెలిసినది తన నోటికి తెలియదు. తెలిసిన దానిని విడమరచి, ఎదుటివాని బలమును, బలహీనతను కనిపెట్టి, అతనికి తగిన రీతిని అందించుట ప్రత్యేకమైన విద్య. ఆ రెండవ విద్యను గూడ సాధించిన వానినే మన పెద్దలు ఆచార్యుడనిరి.

క్రీడారంగమున ఈ భేదము మరింత స్పష్టముగా కానవచ్చును. ఆటగానికి యౌవనమే పెట్టుబడి. ముప్పది యేండ్లు దాటిన పిమ్మట కాలి వేగము తగ్గును. గాయములు మానుటకు ఎక్కువ కాలము పట్టును. అప్పుడతని యెదుట రెండు త్రోవలుండును. గెలిచిన పతకములను అద్దాల బీరువాలో నుంచి, ఆ కీర్తితో శేషజీవితమును గడుపుట మొదటిది. తాను నేర్చిన దానిని, తాను పడిన కష్టములు నేర్పిన పాఠములతో సహా, రాబోవు తరమువారికి అందించుట రెండవది. మొదటి త్రోవ సుగమము. రెండవ దానిలో శ్రమ తనది, పేరు శిష్యునిది.

ఈ రెండవ త్రోవ ఎట్టిదో తెలియుటకు దూరదేశపు ఉదాహరణ మొకటి కలదు. శీతలదేశములలో, అడుగున ఉక్కు పలకను బిగించిన బూట్లు ధరించి, గడ్డకట్టిన మంచుపై సంగీతమునకు అనుగుణముగా జారుచు, ఎగురుచు, గిరగిర తిరుగుచు చేయు విన్యాసమునకు ఫిగర్ స్కేటింగ్ అని పేరు. ఇటలీ దేశస్థుడైన కార్లో ఫాస్సీ ఈ క్రీడలో పలుమారులు తన దేశమునకు విజేత. 1953, 1954 సంవత్సరములలో ఐరోపా ఖండమునకే విజేత. కాని ఒలింపిక్ పతకము అతనికి దక్కలేదు. 1961 ఫిబ్రవరి 15వ తేదీన అమెరికా స్కేటింగ్ జట్టు ప్రయాణించుచున్న విమానము బ్రస్సెల్స్ నగరము చెంత కూలిపోయెను. క్రీడాకారులతో పాటు వారి శిక్షకులును అందు మరణించిరి. పెగ్గీ ఫ్లెమింగ్ అను పండ్రెండేండ్ల బాలికకు ఆట నేర్పుచున్న గురువు వారిలో ఒకడు. ఇట్లు గురువులను కోల్పోయిన ఆ దేశమునకు ఫాస్సీ వచ్చి, కొలరాడో రాష్ట్రమున శిక్షణ నిచ్చెను. పెగ్గీ అతని శిష్యురాలై 1968లో గ్రెనోబుల్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకమును గెలిచెను. 1976లో ఇన్స్‌బ్రుక్ నగరమున పురుషుల విభాగములో స్వర్ణము పొందిన జాన్ కర్రీ, స్త్రీల విభాగములో స్వర్ణము పొందిన డొరొతీ హామిల్ ఇరువురును ఫాస్సీ శిష్యులే. తనకు దక్కని దానిని అతడు శిష్యులకు దక్కించెను.

మంచు ఎరుగని మన నేలపై ఇటువంటి విన్యాసమును చక్రముల బూట్లతో చేయుదురు. హైదరాబాదునకు చెందిన అనూప్‌కుమార్ యామ 2010లో గ్వాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఇందు రెండు కాంస్యపతకములను గెలిచెను. అయితే ఫాస్సీవలె తాను దేశవిజేతయై, పిమ్మట ఒలింపిక్ విజేతలను తీర్చిదిద్దిన తెలుగువాని చరిత్రను తెలిసికొనుటకు మరియొక క్రీడవైపు చూడవలెను. ఆ క్రీడ షటిల్ బ్యాడ్మింటన్. ఆ తెలుగువాడు పుల్లెల గోపీచంద్.

మన పల్లెలలో ఉన్నిబంతితో ఆడు బాల్ బ్యాడ్మింటన్ పలువు రెరిగినదే. షటిల్ బ్యాడ్మింటన్‌లో బంతికి మారుగా, పదునారు ఈకలు గుచ్చిన బెండుముక్క యుండును. దాని బరువు ఇంచుమించు 5 గ్రాములు. కొద్దిపాటి గాలి వీచినను అది దారి తప్పును గావున పెద్ద పోటీలను నాలుగు గోడల నడుమనే జరుపుదురు. కోర్టు పొడవు 13.4 మీటర్లు, ఇరువురే ఆడునప్పుడు వెడల్పు 5.18 మీటర్లు. చూచుటకు చిన్న స్థలమే. కాని ఆటగాడు క్షణక్షణమును ఒక మూలకు పరుగెత్తి, వంగియో ఎగిరియో షటిల్‌ను కొట్టి, మరల నడిమికి చేరవలెను. గంటసేపు సాగు పోటీలో మోకాళ్ళు, చీలమండలు, నడుము పడు శ్రమ ఇంతింత అనరానిది. గోపీచంద్ జీవితమున మోకాలు ఎంతటి పాత్ర వహించెనో తెలిసికొనుటకు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

గోపీచంద్ 1973 నవంబరు 16వ తేదీన, నాటి ప్రకాశం జిల్లాలోని నాగండ్ల గ్రామమున జన్మించెను. తలిదండ్రులు సుబ్బరావమ్మ, సుభాష్‌చంద్ర. బాల్యమున అతని మనసు క్రికెట్‌పై నుండెను. అన్న రాజశేఖర్ ప్రోత్సాహమున బ్యాడ్మింటన్ రాకెట్‌ను చేపట్టెను. హైదరాబాదులోని లాల్‌బహదూర్ క్రీడాప్రాంగణమున ఎస్. ఎం. ఆరిఫ్ అను ప్రసిద్ధ శిక్షకుని వద్ద ఇతడు ఆటకు పదును పెట్టుకొనెను. అన్నదమ్ము లిరువురును మంచి ఆటగాండ్రే. చదువు ముదిరిన పిమ్మట అన్న ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షలో నెగ్గి ఆటను విడిచెను. తమ్ముడు ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో నెగ్గలేక ఆటలోనే నిలిచిపోయెను. ఆ పరీక్ష తప్పుటయే తనకు మేలయ్యెనని గోపీచంద్ పెద్దవాడైన పిమ్మట నవ్వుచు చెప్పుట కలదు.

ఆ కాలమున భారతదేశపు బ్యాడ్మింటన్‌కు ప్రకాశ్ పదుకొనె పేరే పెద్ద దిక్కు. ఇంగ్లండులో 1899 నుండి జరుగుచు, ఈ ఆటలో కడు ప్రతిష్ఠ గడించిన ఆల్ ఇంగ్లండ్ పోటీని 1980లో గెలిచి, ఆ ఘనత పొందిన తొలి భారతీయుడాయన. ఆట మానిన పిమ్మట ఆయన బెంగుళూరున 1994లో అకాడమీని నెలకొల్పి యువకులకు శిక్షణ నీయసాగెను. గోపీచంద్ అచటను శిష్యరికము చేసెను. విజేత గురువైనచో శిష్యునకు కలుగు లాభమెట్టిదో అతడు స్వయముగా చూచినది అచటనే.

ఇంతలో గొప్ప ఆపద వచ్చిపడెను. 1994లో పుణే నగరమున జాతీయ క్రీడలలో జంటల ఆట ఆడుచుండగా, గోపీచంద్ తన జతగానితోనే ఢీకొని పడెను. మోకాటిలోని ఎముకలను పట్టియుంచు బంధనము తెగిపోయెను. పరుగెత్తుచు ఠక్కున నిలిచి వెనుదిరుగవలసిన ఆటగానికి ఇంతకు మించిన గాయము లేదు. అతని ఆట అంతటితో ముగిసినదని పలువురు తలచిరి. శస్త్రచికిత్సలు జరిగెను, నెలల తరబడి నడకనే మరల నేర్వవలసి వచ్చెను. అయినను అతడు నిరాశ చెందలేదు. 1996లో జాతీయ విజేతయై, 2000 వరకు వరుసగా అయిదేండ్లు ఆ స్థానమును నిలుపుకొనెను. 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడలలో కాంస్యపతకమును గెలిచెను. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మాత్రము పతకము లభింపలేదు.

2001 మార్చి నెలలో బర్మింగ్‌హామ్ నగరమున ఆల్ ఇంగ్లండ్ పోటీలు జరిగెను. గోపీచంద్ ఉపాంత్యపోటీలో డెన్మార్క్ దేశపు మేటి ఆటగాడు పీటర్ గేడ్‌ను, అంత్యపోటీలో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించెను. అంత్యపోటీ అంకెలు 15–12, 15–6. గురువు గెలిచిన 21 ఏండ్లకు శిష్యుడు అదే పోటీని గెలిచెను. ఈ విజయమును గెలిచిన రెండవ భారతీయు డతడే.

విజయముతో పాటు ధనమును వెదకికొని వచ్చెను. ఒక శీతలపానీయమును మెచ్చుకొనుచు ప్రకటనలలో కనిపించుటకు అతనిని పిలిచిరి. అట్టి పానీయములు ఆరోగ్యమునకు మంచివి కావని తాను మానివేసిన వాడు, పిల్లలను త్రాగుడని చెప్పుట తగదని గోపీచంద్ నిరాకరించెను. ధనవంతుడు కాని యువకునకు అది చిన్న మొత్తము కాదు. చెప్పునది చేయుట, చేయనిది చెప్పకుండుట గురువునకు ఉండవలసిన మొదటి గుణము. గురువు కాకముందే అతనియందు ఆ గుణము కనబడెను.

గాయములు మరల వేధింపగా, గోపీచంద్ శిక్షకుడు కావలెనని నిశ్చయించెను. మన దేశమున అడపాదడపా ఒక ప్రకాశ్, ఒక గోపీచంద్ పుట్టుట కలదు గాని, చైనా, ఇండోనేసియా, డెన్మార్క్ దేశములవలె ఏటేట కొత్త విజేతలను తయారుచేయు ఏర్పాటు లేదు. తగినన్ని కోర్టులు, నిత్యము దీటైన ప్రత్యర్థులు, గాయమునకు వెంటనే చికిత్స ఒకేచోట లభింపవలెను. తాను ఆడుచున్ననాడు తనకు కొరవడిన వానిని రాబోవు వారికి సమకూర్చవలెనని అతని సంకల్పము.

2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము హైదరాబాదు పొలిమేరలోని గచ్చిబౌలిలో అయిదెకరముల భూమిని కౌలున కిచ్చెను. భూమి దొరకినది గాని, భవనమునకు ధనము లేదు. ధనమును కోరుచు అతడెక్కని గడప లేదు. బ్యాడ్మింటన్‌కు ఇంత వ్యయమేల యని అడిగినవారే పలువురు. తుదకు తమ యింటిని తాకట్టు పెట్టుటకు కుటుంబము సమ్మతించెను. భార్య పి. వి. వి. లక్ష్మియు జాతీయ విజేతయై 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఆడినది గావున ఆ సంకల్పపు విలువ ఆమెకు తెలియును. పారిశ్రామికుడు నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్ల రూపాయల విరాళ మిచ్చి, ప్రతిఫలముగా దేశమునకు ఒలింపిక్ పతకమును కోరెను. భవనము పూర్తియగువరకు గోపీచంద్ కూర్చుండలేదు. దొరకిన కోర్టులలో బాలబాలికలకు శిక్షణ నిచ్చుచునే యుండెను. 2006లో భారత జట్టునకు ప్రధానశిక్షకుడుగా నియమింపబడెను. 2008లో ఎనిమిది కోర్టులతో అకాడమీ ప్రారంభమయ్యెను.

అచటి దినచర్య కఠినమైనది. తెల్లవారుజామున నాలుగున్నరకే మొదటి శిక్షణ ఆరంభమగును. శిష్యులకంటె ముందు గురువు కోర్టున నుండును. ఆట అనగా కేవలము ఆడుట కాదు. శిక్షకుడు వలకు ఆవల నిలిచి, ప్రక్కనున్న కుప్పనుండి షటిల్‌లను ఒకదాని వెంట నొకటి నాలుగు మూలలకును విసరుచుండును. శిష్యుడు ఊపిరి తిరుగకుండ వానిని అందుకొనవలెను. ఒకే అడుగును, ఒకే మణికట్టు మలుపును శరీరమునకు అలవడువరకు వందలమారులు చేయవలెను. ఆపైన పరుగు, బరువులెత్తుట, ప్రత్యర్థుల ఆటను చలనచిత్రములలో చూచి వారి పోకడలను పసిగట్టుట. 2006లో ఆట నియమములు మారి, సర్వీసు చేసినవానికే గాక ప్రతి ఎత్తులో గెలిచినవానికి అంకె లభించు పద్ధతి, 21 అంకెల ఆట వచ్చెను. దానితో ఒక్క క్షణపు ఏమరుపాటును నష్టమే యయ్యెను. గోపీచంద్ తాను గెలిచిన పాత ఆటనే నేర్పుచు కూర్చున్నచో శిష్యులు వెనుకబడియుందురు. గురువును కొత్త ఆటను మరల నేర్వవలసి వచ్చెను.

శిష్యు లందరును ఒకే మూసలోని వారు కారు. గుంటూరు జిల్లానుండి వచ్చిన కిదాంబి శ్రీకాంత్ జంటల ఆట ఆడుచుండెను. అతని మణికట్టులోని వేగమును చూచి ఒంటరి ఆటకు మరల్చినది గోపీచంద్. ఆ బాలుడు 2014లో చైనా ఓపెన్ పోటీలో ఆ దేశపు మహావీరుడు లిన్ డాన్‌ను ఓడించెను. 2017లో నాలుగు సూపర్ సిరీస్ పోటీలను గెలిచెను. 2018లో ప్రపంచమున ప్రథమస్థానము నొందెను. పారుపల్లి కశ్యప్ 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. సైనా నెహ్వాల్ 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము గెలిచి, బ్యాడ్మింటన్‌లో భారతదేశమునకు తొలి ఒలింపిక్ పతకము తెచ్చెను. తాకట్టు పెట్టిన యింటికి, దాత కోరిన ప్రతిఫలమునకు అది మొదటి జవాబు.

గురువు మార్గమున పూలే కాదు, ముండ్లును కలవు. 2014లో సైనా హైదరాబాదును విడిచి బెంగుళూరున విమల్‌కుమార్ వద్దకు శిక్షణకు పోయెను. పోవలదని తాను వేడుకొంటినని, మనసు మిక్కిలి నొచ్చెనని గోపీచంద్ పిమ్మట చెప్పుకొనెను. అచట సైనా 2015లో ప్రపంచ ప్రథమస్థానమును పొందెను. 2017లో మరల గోపీచంద్ వద్దకు వచ్చెను. అతడు ఆమెను మరల చేర్చుకొనెను. దేశపు జట్టునకు ప్రధానశిక్షకుడైనవాడు స్వంత అకాడమీని నడుపుట తగునా యని అడిగినవారును లేకపోలేదు. గురువు చేతిలో అధికార మున్నప్పుడు అట్టి ప్రశ్నలు పుట్టుట సహజమే.

పూసర్ల వెంకట సింధు తలిదండ్రు లిరువురును వాలీబాల్ క్రీడాకారులు. బాల్యమున ఆమె ప్రతిదినము ఎంతో దూరమునుండి వేళ తప్పక శిక్షణకు వచ్చెడిది. ఆమెకు ఎత్తు కలదు, బలము కలదు. కోర్టుపై మాత్రము మెత్తని స్వభావము. ప్రత్యర్థి ఎదుట కేక వేయుటకు కూడ సంకోచించును. ఒకనాడు గోపీచంద్ ఆమెను అందరి యెదుట కోర్టు నడుమ నిలిపి, గట్టిగా అరవుమనెను. అరచువరకు రాకెట్‌ను ముట్టరాదనెను. ఆమె కన్నీరు పెట్టుకొనెను గాని తుదకు అరచెను. ఇది కోపముతో చేసిన శిక్ష కాదు. ఆమెలోనే దాగియున్న ధైర్యమును ఆమెకు చూపుటకు చేసిన పని. 2016లో రియో ఒలింపిక్ క్రీడలకు ముందు మూడు నెలలపాటు ఆమె ఫోనును తన వద్దనే యుంచుకొనెను. ఆ యేడు ఆగస్టు 19వ తేదీన జరిగిన అంత్యపోటీలో సింధు స్పెయిన్ దేశపు కరోలినా మారిన్‌తో పోరాడి, 21–19, 12–21, 15–21 అంకెలతో ఓడి, రజతపతకము గెలిచెను. ఒలింపిక్ రజతపతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆ పిమ్మట ఫోను ఆమెకు తిరిగి దక్కెను.

2017లో గ్లాస్గో నగరమున ప్రపంచ పోటీల అంత్యపోటీలో సింధు, జపాను దేశపు నొజోమి ఒకుహారా 110 నిమిషములు పోరాడిరి. సింధు ఓడిపోయెను. రెండేండ్లకు, 2019లో, స్విట్జర్లండులోని బాసెల్ నగరమున అదే ప్రత్యర్థి అంత్యపోటీలో ఎదురయ్యెను. ఈసారి సింధు 21–7, 21–7 అంకెలతో గెలిచి ప్రపంచ విజేతయయ్యెను. భారతీయు లెవ్వరును అంతకుముందు ఆ బిరుదును పొందలేదు. గెలిచినదెంత త్వరగానో, దాని వెనుకనున్న సాధన అంత దీర్ఘము.

2017లో సింగపూర్ ఓపెన్ అంత్యపోటీలో ఒక వింత జరిగెను. వలకు ఈవల శ్రీకాంత్, ఆవల సాయి ప్రణీత్. ఇరువురును గచ్చిబౌలి కోర్టులలో పెరిగినవారే. ప్రణీత్ గెలిచెను. ఎవడు గెలిచినను గురువు గెలిచినట్లే, ఎవడు ఓడినను గురువు ఓడినట్లే. శిష్యుని చేతిలో తాను ఓడుటయే గురువునకు కీర్తి యని పెద్దలు చెప్పుదురు. ఇచట ఆ మాట వేరొక రీతిగా నిజమయ్యెను.

2022 మే 15వ తేదీన బ్యాంకాక్ నగరమున, 1949 నుండి జరుగుచున్న థామస్ కప్ పోటీలో భారత పురుషుల జట్టు ఇండోనేసియాను 3–0తో ఓడించి, మొట్టమొదటిసారి ఆ కప్పును గెలిచెను. ఆనాటి మూడు ఆటలలో మొదటిది గెలిచిన లక్ష్యసేన్ బెంగుళూరున ప్రకాశ్ పదుకొనె అకాడమీలో పెరిగినవాడు. రెండవది గెలిచిన జంటలో ఒకడైన అమలాపురపు సాత్విక్ సాయిరాజ్, మూడవది గెలిచిన శ్రీకాంత్ గచ్చిబౌలిలో పెరిగినవారు. గురువు నాటిన చెట్టును శిష్యుడు నాటిన చెట్టును ఒకే వేళ ఫలించెను. ఒక్క మనిషి గెలుపుగా 1980లో ఆరంభమైనది జట్టు గెలుపై నిలిచెను.

గోపీచంద్‌కు లభించిన గౌరవములు పెక్కు. 1999లో అర్జున పురస్కారము, 2001లో ఖేల్‌రత్న, 2005లో పద్మశ్రీ, 2009లో ద్రోణాచార్య పురస్కారము, 2014లో పద్మభూషణ్ అతనికి దక్కెను. వీనిలో ఖేల్‌రత్న గెలిచినవానికి ఇచ్చునది. ద్రోణాచార్య పురస్కారము గెలిపించినవానికి ఇచ్చునది. రెంటిని పొందుటకు రెండు విద్యలు కావలెను. గెలుచుటకు తన శరీరమును, మనసును లొంగదీసికొన్న చాలును. గెలిపించుటకు మరియొకరి బలమును తన బలముగా, మరియొకరి కన్నీటిని తన కన్నీటిగా తలపవలెను; ఆపైన, గెలుపు వచ్చిన వేళ ఒక ప్రక్కకు తొలగి నిలువవలెను. సిడ్నీలో తనకు అందని పతకము లండన్‌లోను, రియోలోను శిష్యురాండ్ర మెడలలో వెలుగుచుండగా, గోపీచంద్ కోర్టు ప్రక్కనే నిలిచి యుండెను.